బార్బుడా: దస్తావేజు లేని నేల ఎవరిది?

తూర్పు కరేబియన్‌లోని బార్బుడా దీవి వైశాల్యం 161 చదరపు కిలోమీటర్లు. జనాభా రెండు వేల లోపే. ఊరని చెప్పదగినది కాడ్రింగ్టన్ ఒక్కటే. సున్నపురాతి నేల, అత్యంత ఎత్తైన చోటు సైతం సముద్రమట్టానికి సుమారు 40 మీటర్ల ఎత్తే. దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆంటిగ్వాతో కలిసి ఒకే దేశంగా 1981 నవంబరు 1న స్వాతంత్ర్యం పొందింది. ఇంత చిన్న దీవి వివాదాలపై లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ రెండేళ్ల వ్యవధిలో రెండు తీర్పులు వెలువరించింది. ఈ నేలపై ఎవరి మాట చెల్లాలన్నదే రెండింటి వెనుక ఉన్న తగవు.

దాని మూలాలు 1685లో ఉన్నాయి. ఆ ఏడాది ఆంగ్లేయ రాచరికం దీవిని కాడ్రింగ్టన్ కుటుంబానికి కౌలుకిచ్చింది. మట్టి పలుచన, వాన తక్కువ కావడంతో ఇక్కడ చెరకు సాగు కుదరలేదు. ఆంటిగ్వా చెరకు తోటలకు అవసరమైన పశువులు, ఆహారం సమకూర్చే స్థావరంగా దీవి మారింది. ఇక్కడి ఆఫ్రికన్ బానిసలు పశువులను కాశారు, చేపలు పట్టారు, వేటాడారు, తమకంటూ కొంత పండించుకున్నారు. 1834లో బానిసత్వం రద్దయ్యాక కూడా వారు దీవిని వీడలేదు. ఇల్లు కట్టుకునేందుకు, దున్నుకునేందుకు, పశువులను మేపుకునేందుకు అందరికీ చోటుండేది. అమ్మకాలు మాత్రం లేవు. ఈ ఆచారానికి 2007 నాటి బార్బుడా భూచట్టం అక్షరరూపమిచ్చింది. నేల బార్బుడావాసులందరి ఉమ్మడి సొత్తు అని, భారీ ప్రాజెక్టులకు వారిలో అధికుల సమ్మతి ఉండాలని నిర్దేశించింది.

ఇలాంటి నేలను తెలుగులో ఏమనాలి? ‘పోరంబోకు’ అంటే వినగానే సర్కారు భూమి స్ఫురిస్తుంది. ‘ఉమ్మడి’ అంటే ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న వస్తుంది. బార్బుడా నేల ఈ రెండింటిలోనూ ఇమడదు. న్యాయస్థానంలో ఎదురైన చిక్కు కూడా ఇంచుమించు ఇదే.

2015లో హాలీవుడ్ నటుడు రాబర్ట్ డి నీరో భాగస్వామిగా ఉన్న విహారకేంద్రం కోసం పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. ఆ కౌలు గడువు 198 ఏళ్లు. 1870 వరకు సాగిన కాడ్రింగ్టన్ల ఏలుబడి కన్నా అది దీర్ఘమైనది. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుపాను దీవిపై విరుచుకుపడింది. అత్యధిక భవనాలు దెబ్బతిన్నాయి. వెన్నంటే మరో తుపాను ముప్పు ఉండటంతో జనమంతా ఆంటిగ్వాకు తరలారు. దీవి నిర్మానుష్యమైంది. వారు పూర్తిగా తిరిగి రాకముందే ఉమ్మడి హక్కును తొలగించేలా ప్రభుత్వం చట్టాన్ని మార్చింది, కొత్త విమానాశ్రయం కోసం నేలను చదును చేయించింది. పట్టా ఉంటేనే బ్యాంకులు రుణమిస్తాయని, ఇళ్లు లేస్తాయని ప్రధాని గాస్టన్ బ్రౌన్ వాదించారు. ఒక్క డాలరుకే పట్టా ఇస్తామన్నారు. ఇల్లు కూలినవారికి రుణం అవసరమే, కాదనలేం. అయితే పట్టా చేతికి వచ్చిన మరుక్షణం నేల అమ్మకపు సరుకవుతుంది. కొనగల స్తోమత ఎవరిదో ఊహించడం కష్టం కాదు.

చట్ట మార్పులను సవాలు చేసిన వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ 2022 జూన్‌లో బార్బుడావాసులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ ఉమ్మడి హక్కు రాజ్యాంగం రక్షించే ఆస్తి కిందకు రాదని తేల్చింది. భారత్ 1949లోనే వదులుకున్న ఈ విదేశీ న్యాయపీఠాన్ని కొనసాగించాలనే ఆంటిగ్వా, బార్బుడా ఓటర్లు 2018 ప్రజాభిప్రాయ సేకరణలో కోరుకోవడం గమనార్హం. 2024 ఫిబ్రవరిలో అదే పీఠం, విమానాశ్రయ అనుమతులను ప్రశ్నించే అర్హత స్థానికులకు ఉందని ప్రకటించింది. అప్పటికే రన్‌వే సిద్ధమైంది. ఆ ఏడాదే విమానాల రాకపోకలు మొదలయ్యాయి.