అలంకారమా? ఔచిత్యమా?

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అన్నారు పెద్దలు. కొన్న మోటారు సైకిలును కొన్నట్టే ఉంచక, తన మనసుకు నచ్చిన రూపానికి మార్చుకోవాలనే కోరిక నేటి యువకులలో ప్రబలంగా ఉన్నది. దీనిని వట్టి దుబారా అని కొట్టివేసే పెద్దలతో నేను ఏకీభవించను. యంత్రాన్ని తనదిగా చేసుకోవాలనుకోవడం దోషం కాదు. ఆ మార్పులో ఔచిత్యం ఉన్నదా, లేదా అన్నదే విచారింపదగిన విషయం.

మొలనూలును మెడలోను, హారాన్ని నడుముకును ధరించినవాడు నవ్వులపాలు గాక తప్పదని పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు హెచ్చరించాడు. ఉర్దూలోని ‘సలీఖా’ అనే చక్కని మాట కూడా ఇంచుమించు ఈ భావాన్నే స్ఫురింపజేస్తుంది. ఈ కొలమానం కావ్యానికే కాదు, బండికీ వర్తిస్తుంది.

1950, 60 దశకాలలో ఇంగ్లండు యువకులు నార్టన్ చట్రంలో ట్రయంఫ్ ఇంజనును అమర్చి ‘ట్రైటన్’ అనే సంకర వాహనాన్ని సృష్టించారు. ఆ చట్రం మలుపులలో నిలకడకు, ఆ ఇంజను వేగానికి పేరుపొందినవి. గాలి తాకిడిని తగ్గించుకొనడానికే హ్యాండిలును కిందికి దించారు. ‘కెఫే రేసర్’ అని పిలువబడిన ఆ రూపంలోని ప్రతి వంపుకూ ఒక కారణమున్నది. అందుచేతనే అది నేటికీ అందంగా ఉన్నది. ఆ హ్యాండిలునే అడుగడుగునా బ్రేకు వేయవలసిన పాతబస్తీ సందులలో పట్టుకొని తిరిగితే మిగిలేది మణికట్టు నొప్పి మాత్రమే.

అమెరికాలో పుట్టిన ‘చాపర్’ సంగతీ అంతే. ముందు ఫోర్కులు బారుగా చాచిన ఆ బండి తిన్నని విశాలమైన రహదారిపై నిలకడగా సాగుతుంది గాని, ఇరుకు మలుపులో మొరాయిస్తుంది. 1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ చిత్రం ఈ రూపాన్ని లోకమంతటికీ పరిచయం చేసింది. కాని ఆ చిత్రంలోని బండ్లను తీర్చిదిద్దిన క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే నల్లజాతి నిపుణుల పేర్లు చిరకాలం మరుగుననే ఉండిపోయినవి.

ఇక మన బుల్లెట్ మాట. 1955 నుండి మద్రాసులో రూపుదిద్దుకొంటూ వచ్చిన ఈ బండికి సహజంగానే గంభీరమైన నాదమున్నది. అది చాలదని సైలెన్సరు లోపలి అరలను పీకివేయిస్తున్నారు. నేనూ అదే చేశాను. రాత్రి నేను సందు మలుపు తిరిగినప్పుడల్లా జబ్బుతో మంచాన ఉన్న మా దాదీమా ఉలికిపడి లేచి కూర్చుంటున్నదని ఒకనాడు అమ్మ చెప్పినది. దాదీమా మాత్రం నన్ను పల్లెత్తు మాట అనలేదు. మరునాడే పాత సైలెన్సరు బిగించుకొన్నాను. ఇతరుల నిద్రను వెలగా తీసుకొనే అందం అందం కాదని నాకు బోధపడినది ఆనాడే.

చట్టం కూడా హద్దు గీసినది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదని, 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనును వ్యాఖ్యానిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. కావున ట్రైటన్ వంటి ప్రయోగాలు మన రోడ్లపై చెల్లవు. అయినను అభిరుచికి చోటు లేకపోలేదు. తన ఒడ్డూ పొడుగుకు తగినట్లు సీటు కుట్టించుకోవడం, అనవసరపు తళుకులు తొలగించడం, తుప్పు వదిలించి పాత లోహానికి మెరుగు పెట్టడం, ఇవన్నీ అభిరుచులే. పెట్టడం కంటె తీసివేయడానికే ఎక్కువ విచక్షణ కావాలి.

ఆ విచక్షణ గల ఉస్తాదులు మన వీధి వర్క్‌షాపులలో ఉన్నారు. చేతి నిండా నూనె మరకలే గాని, వారికి పేరు లేదు. కళాశాల కమిటీవారికి ఒక విన్నపం: వార్షికోత్సవ వేళ అటువంటి ఉస్తాదునొకరిని వేదికపైకి ఆహ్వానించి, ఒక్క గంట మాట్లాడనివ్వండి. సోదర విద్యార్థులారా! బండికి ఏది తగునో ఆయన మనకు నేర్పుతారు. ఆయన పేరును గుర్తుంచుకోవడం మనం నేర్చుకొందాం.