రేవులో దిగని పర్యావరణ పాఠం

నీళ్లు పరీక్షించడం నిపుణుల పని, దానికి కాలుష్య నియంత్రణ మండలి ఉంది, పిల్లలకు పుస్తకంలో పాఠం చాలు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో బడి గోడ పక్కనే కాలువ పారే ఊళ్లలో కూడా ఇదే మాట వినిపిస్తుంది. ఇది పొరపాటే కాదు, పిల్లలకు చేస్తున్న అన్యాయం కూడా.

చదువులో పర్యావరణం తప్పనిసరి కావాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాఠాలు వచ్చాయి, మార్కులూ వచ్చాయి. జీవవైవిధ్యం గురించి రాయమంటే నల్లమల పులి, కొల్లేటి గూడబాతు అని పిల్లలు చక్కగా రాస్తారు. రోజూ దాటే కాలువలోనే తూనీగ గుడ్లు పెడుతుందని, దాని పిల్లపురుగు నీళ్లలోనే వేటాడి పెరుగుతుందని వాళ్లకెవరూ చూపించరు. జీవం ఎక్కడో దూరాన ఉంటుందని నమ్మిన పిల్లవాడికి ఊరి కాలువ చెత్తకుండీలాగే కనిపిస్తుంది.

నిపుణుల మాటకొద్దాం. ఎంచుకున్న కొన్ని చోట్ల మండలి సిబ్బంది నెలకోసారో మూడు నెలలకోసారో నమూనా తీస్తారు. స్నానానికి పనికొచ్చే నీళ్లలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలన్నది కేంద్ర మండలి ప్రమాణం. నాచు దట్టంగా పెరిగిన నీళ్లలో మిట్టమధ్యాహ్నం ఈ అంకె ఘనంగానే ఉంటుంది. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది గనుక తెల్లవారుజాముకి పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేది అప్పుడే. పగటిపూట సీసా నింపుకుని వెళ్లినవారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? రేవు పక్కన ఇల్లున్న పిల్లకు తెలుస్తుంది.

సీసా ఆ పూట సంగతే చెబుతుంది. పురుగులు గడిచిన వారాల సంగతి చెబుతాయి. మేఫ్లై పిల్లపురుగుల్లో చాలా రకాలకు ఆక్సిజన్ నిండుగా కావాలి. హిమోగ్లోబిన్ వల్ల ఎర్రగా ఉండే బురదపురుగులు అది తగ్గినా బతికేస్తాయి. గాలి మింగి బతకగల కొరమీను, మట్టగిడిసె మిగిలి, పరిగెలు మాయమైతే అదీ సాక్ష్యమే. పురుగుల కుటుంబాలకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసి నీటి నాణ్యత తేల్చే పద్ధతి కేంద్ర మండలి దగ్గరా ఉంది. కుటుంబం గుర్తుపట్టడానికి చేతివల, తెల్ల పళ్లెం, భూతద్దం, కాస్త ఓపిక చాలు. పక్కపక్కనే పంట కాలువ, మురుగు కాలువ ఉన్న డెల్టాలో పోల్చి చూడటానికి ఇంతకన్నా ఏం కావాలి? వేసవిలో కాలువలు కట్టేసి మళ్లీ నీళ్లు వదిలాక ఏ ప్రాణి ముందు తిరిగొస్తుందన్నదే ఒక ఏడాది పాఠం.

ప్రమాదం కదా అంటారు. నిండు కాలువలో దిగమని ఎవరూ అనడం లేదు. ఉరవడి లేనప్పుడు, టీచరు దగ్గరుండగా, గట్టు మీద నుంచే పొడుగు కర్ర వలతో తీయొచ్చు. మురుగు నీళ్లయితే చేతికి తొడుగులుండాలి.

పిల్లల లెక్కలు కోర్టులో నిలవవనే మాట నిజమే. 1974 నీటి చట్టం ప్రకారం అధికారి పద్ధతిగా తీసిన నమూనాకే ఆ విలువ. కానీ ఆ అధికారి ఏ తూము దగ్గరికి, ఏ వేళకు రావాలో చెప్పగలిగేది ఏడాది పొడవునా ఒకే రేవులో, ఒకే వేళకు చూసి రాసిన నోటుబుక్కే. దుకాణంలో కొన్న చార్టులకు వేస్తున్న ప్రాజెక్టు మార్కులు ఆ నోటుబుక్కుకు వేయాలి. దాని నకలు పంచాయతీకి, మండలికి పంపే బాధ్యత ప్రధానోపాధ్యాయులు తీసుకోవాలి.