మన చేతి మంటకు ఒక పేరుంది



సుగ్గికి పోయినోళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు మీ చేతుల్ని ఒక్కసారి చూసుకోండి. మద్దికెర చుట్టూ ఉన్న తండాల నుంచి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి మనవాళ్లు మూటలు కట్టుకుని గుంటూరు పక్కకు మిరప కోతలకు పోవడం కొత్త కాదు. చిన్నప్పుడు నేనూ బడి మానేసి మా యాడితో పోయినా. రాత్రి అన్నం కలుపుకోవాలంటే చేతులు భగ్గుమనేవి. నీళ్లతో ఎంత కడిగినా పోయేది కాదు. యాడి ఇంత ఆముదం రాసి గుడ్డతో తుడిచేది. అప్పుడు కొంచెం తగ్గేది.

ఆ మంటకు పేరుందని ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో తెలిసింది. క్యాప్సైసిన్. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అంటే యాడి చేసింది సరైన పనే. మనకు పని తెలుసు, కారణం చెప్పే భాష మాత్రం మన చేతికి రాలేదు. ఈరోజు నేను మాట్లాడేది ఆ భాష గురించే.

మిరప చెట్టు ఆ మంటను ఎట్ల తయారు చేస్తుందో చూడండి. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒక ముక్క, వాలిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి ఒక తోక. కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో ఎంజైములు ఈ రెంటినీ అతికిస్తాయి. ఇట్ల చెట్టు తనలో తాను మెట్టు మెట్టుగా ఒక పదార్థాన్ని కట్టుకోవడాన్నే బయోసింథసిస్ అంటారు. ఇదే క్యాప్సైసిన్‌ను పట్టుకుని డేవిడ్ జూలియస్ బృందం 1997లో మన నరాల్లో మంటను గుర్తించే రిసెప్టర్‌ను కనిపెట్టింది. 2021లో ఆయన నోబెల్ అందుకున్నాడు. మన యాడుల చేతులకు రోజూ తెలిసిన మంటే అది.

ఇది ఎక్కడో విదేశాల చదువు అనుకోవద్దు. తిరువెంకట రాజేంద్ర శేషాద్రి గారు 1930ల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పత్తి పూల రంగుల మీద పని చేశారు. మనం దారిలో చూసి దాటిపోయే పసుపు పత్తి పువ్వు నుంచి ఫ్లేవనాయిడ్లను వేరు చేసి, వాటి నిర్మాణం తేల్చారు. మొక్కలు వాటిని ఎట్ల తయారు చేస్తాయో కూడా ఆలోచించారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. పత్తికి పేరుపడ్డ ఆదోని మన పక్కనే ఉంది. పత్తి తీసిన చేతులు మనవి. ఆ పువ్వు లోపలేముందో అడిగే వంతు మనకెందుకు రాకూడదు?

ఇప్పుడు ఒక చేదు మాట. మన పెద్దల వైద్యం అంతా అమృతమే అని మన పేజీల్లో రాసుకుంటుంటాం. నేనూ రాసినా. కానీ గాడిదగడపాకు సంగతి చదివినాక చెయ్యి ఆగింది. నల్లరేగడి చేన్లలో పాకే ఆ మొక్కను కడుపులో పురుగులకని, పుండ్లకని చాలాచోట్ల వాడతారు. దాంట్లో అరిస్టలోకిక్ ఆమ్లాలున్నాయి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలుపెట్టి మొక్క వాటిని తయారు చేసుకుంటుంది. అవి కిడ్నీలను పాడు చేస్తాయి, క్యాన్సర్ తెస్తాయి. బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడే మందులో ఇదే జాతి మొక్క కలిసి, వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. తిన్న పూటే ఏమీ కాదు, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే మన అవ్వలకు అది కనిపించే వీలు లేదు. ఇది వాళ్ల తప్పు కాదు. ఇట్లాంటివి కనిపెట్టి, మన ఇంటికొచ్చి మన భాషలో "అవ్వా, ఇది లోపలికి ఇయ్యొద్దు" అని చెప్పేవాళ్లు కావాలి. బయటివాళ్లు చెప్తే అవమానం అనిపిస్తుంది. మనవరాలు చెప్తే వింటారు.

ఇంకో వైపు కూడా ఉంది. మొక్కల మీద వచ్చే పరిశోధనల్లో మొదటి పేరాలో "స్థానిక గిరిజనులు వాడతారు" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ తర్వాత మనం కనిపించం. కేరళలో కాణీల కథ తెలుసుకోండి. 1987లో అగస్త్యమల అడవుల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణీలు అలుపు రాకుండా ఒక మొక్క కాయలు తిన్నారు. అదే ఆరోగ్యపచ్చ. దాంతో 'జీవని' అనే మందు తయారైంది. లైసెన్స్ సొమ్ములో, రాయల్టీలో సగం కాణీలకని ఒప్పుకున్నారు. 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. అది మంచిదే. అయితే అందరినీ అడగకుండా కొందరు చెప్పేస్తే ఎట్లా అని కాణీల్లోనే కొందరు నిలదీశారు. ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే.

2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా గురించి చెప్తుంది, ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలంటుంది. 2023 సవరణ గ్రంథాల్లో రాసి ఉన్న సంప్రదాయ జ్ఞానానికి వాటా నుంచి మినహాయింపు ఇచ్చింది. మన జ్ఞానం నోటి మాటగా ఉంది. ఎవరు రాస్తారు, ఎట్ల రాస్తారు, ఎవరి పేరుతో రాస్తారు అన్నది ఇక మన బతుకు ప్రశ్న. ఆ కాగితం చదివి ఇది సరి, ఇది తప్పు అనాలంటే చట్టం ఒక్కటే చాలదు, కెమిస్ట్రీ కూడా తెలియాలి.

తమ్ముడూ, చెల్లీ! డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుంటే డీఎస్సీ, గ్రూప్స్ తప్ప దారి లేదని అనుకోవద్దు. ఏపీ పీజీసెట్ ఉంది, జామ్ ఉంది, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ ఉంది. ఎస్టీ విద్యార్థుల పీహెచ్‌డీకి జాతీయ ఫెలోషిప్ ఉంది. హైదరాబాద్ ఐఐసీటీలో ఈ మొక్కల రసాయనాల మీద పని చేసేవాళ్లున్నారు. ఇంగ్లీషు భయం నాకూ ఉండేది. మొదటి సెమిస్టర్‌లో వెనక బెంచీలో తల దించుకునే కూర్చున్నా. సుగ్గిలో ఎండకు ఓర్చుకున్నోళ్లం, దీనికి ఓర్చుకోలేమా?

ఈ వారం ఒక పని చేయండి. మీ అవ్వ పక్కన కూర్చుని, ఆమెకు తెలిసిన పది మొక్కల పేర్లు మీ నోట్‌బుక్కులో రాసుకోండి. పైన ఆమె పేరు రాయండి. ఎవరికైనా చూపించే ముందు ఆమెను అడగండి.

జై ఆదివాసీ!