వెనక సీటు బెల్టులో లేనిదేమిటి?

2022లో సీటు బెల్టు పెట్టుకోకపోవడం వల్ల దేశంలో 16,715 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ వార్షిక నివేదిక చెబుతోంది. వారిలో 8,384 మంది బండి నడుపుతున్నవారు, 8,331 మంది పక్కనో వెనకో కూర్చున్నవారు. ఇలాంటి లెక్క బయటికొచ్చిన ప్రతిసారీ మంత్రులు, పోలీసులు, పత్రికలు చెప్పే మాట ఒక్కటే: బెల్టు పెట్టుకోండి. సరైన మాటే. కానీ అక్కడే ఆగిపోవడంతో ఒక పెద్ద సంగతి మరుగున పడుతోంది. ముందు సీటు బెల్టు, వెనక సీటు బెల్టు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ప్రమాదం జరిగిన క్షణంలో అవి చేసే పని మాత్రం మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లలో వేరువేరు. ఆ తేడా అంతా పట్టీని చుట్టుకుని ప్లాస్టిక్ మూత వెనక దాగి ఉండే రిట్రాక్టర్‌లో ఉంది.

గంటకు 50 కిలోమీటర్లంటే ఊళ్లో అందరూ నడిపే వేగమే. ఆ వేగంతో కారు గోడను ఢీకొంటే లోపలి మనిషికి తగిలే దెబ్బ దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినంత. కారు ముందు భాగం నలుగుతూ ఆగుతుంది. మనిషి మాత్రం అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. అతను ఆగడానికి ఎంత దూరం దొరుకుతుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. బెల్టు అతణ్ని కారుతో కలిపి పట్టుకుంటే, ముందు భాగం నలిగే దూరం, పట్టీ సాగే దూరం కలిసి అర మీటరు దాకా వస్తుంది. అప్పుడు 60 కిలోల మనిషి మీద పడే బలం సగటున 1,200 కిలోల బరువుకు సమానం. బెల్టు లేక డాష్‌బోర్డుకు కొట్టుకుని 5 సెంటీమీటర్లలో ఆగిపోతే అదే బలం 12,000 కిలోలు. ఒళ్లో పది కిలోల బిడ్డను కూర్చోబెట్టుకున్న తల్లి, మొదటి లెక్క ప్రకారం చూసినా, 200 కిలోలను పట్టి ఆపాలి. ‘నేను గట్టిగా పట్టుకుంటాలే’ అనే భరోసాకు ఈ లెక్కలో చోటు లేదు.

నడుముకూ భుజానికీ కలిపి ఒకే పట్టీతో మూడు చోట్ల పట్టుకునే ఇప్పటి బెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించారు. అంతకుముందు ఆయన సాబ్ కంపెనీలో యుద్ధవిమానాల నుంచి పైలట్‌ను బయటికి విసిరే సీట్లకు రూపకల్పన చేసినవారు. ఆ పేటెంటును ఇతర కంపెనీలూ స్వేచ్ఛగా వాడుకునేలా వోల్వో వదిలేసింది. అయితే బోలిన్ తొలి బెల్టులో చుట్ట లేదు. పొడవును చేత్తో సర్దుకోవాల్సిందే. బిగిస్తే ముందున్న అరను కూడా అందుకోలేం, వదులు చేస్తే పెట్టుకున్నా పెట్టుకోనట్టే. కదిలినంతసేపూ కదలనిచ్చి, అవసరమైన క్షణంలో మాత్రం బిగుసుకునే రిట్రాక్టర్ వచ్చాకే బెల్టు రోజూ వాడుకోదగ్గ వస్తువైంది.

దాని లోపలి పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. పట్టీ ఒక ఇరుసు మీద చుట్టుకుని ఉంటుంది. ఒక పక్కనున్న చుట్టు స్ప్రింగు దాన్ని ఎప్పుడూ నెమ్మదిగా లోపలికి లాగుతూ ఉంటుంది. రెండో పక్కన ఒక చిన్న గుంటలో ఉక్కు గుండు ఉంటుంది, కొన్నింటిలో వేలాడే లోలకం ఉంటుంది. బండి వేగం ఒక్కసారిగా పడిపోతే గుండు ముందుకు దొర్లి మీటను పైకి ఎత్తుతుంది. ఆ మీట పళ్ల చక్రంలో పడగానే ఇరుసు ఆగిపోతుంది. ఐక్యరాజ్యసమితి 16వ నిబంధన ప్రకారం, కార్లలో సాధారణంగా వాడే రిట్రాక్టర్ విషయంలో వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణంలో 45 శాతానికి చేరేసరికి ఇదంతా జరిగి తీరాలి. అప్పటికి పట్టీ 5 సెంటీమీటర్లకు మించి బయటికి రాకూడదు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వేగం అంతకంటే జోరుగా తగ్గుతుంది, అందుకే సడన్ బ్రేకుకే బెల్టు పట్టేస్తుంది. రిట్రాక్టర్ 12 డిగ్రీల దాకా ఒరిగినా బిగుసుకోకూడదు, 27 డిగ్రీలు దాటితే తప్పక బిగుసుకోవాలి. కారు పల్టీ కొట్టినప్పుడు మనిషిని సీటులో నిలిపి ఉంచేది ఈ ఏర్పాటే. ఒక చక్రం గుంతలోకి దిగి కారు బాగా ఒరిగి ఉన్నప్పుడు బెల్టు బయటికి రాకపోతే చెడిపోయిందనుకుని విసుక్కుంటాం. నిజానికి అప్పుడు అది తన పని తాను చేస్తోంది.

గుండు ఒక్కదానినే నమ్ముకోకుండా రెండో కాపలా కూడా పెట్టారు. పట్టీని ఎవరైనా ఝటాలున లాగితే, ఇరుసు వేగంగా తిరిగిన ఒరవడికి లోపలి పలక ఒకటి పక్కకు జరిగి పళ్లలో చిక్కుకుంటుంది. ఈ రెండింటికీ బ్యాటరీ అక్కర్లేదు, వైరు అక్కర్లేదు. కారు ఇంజిను ఆపేసి ఉన్నా పనిచేస్తాయి.

చిక్కంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ఎవరికైనా తెలుసు, చరఖాకు వదులుగా చుట్టిన దారం గాలి గుంజుకి లోపల్లోపలే బిగుసుకుని మరికాస్త బయటికి జారుతుంది. ఇరుసు ఆగిపోయాక కూడా చుట్ట మీది పట్టీ సరిగ్గా అలాగే కొన్ని సెంటీమీటర్లు జారుతుంది. మందపాటి బట్టలు, సీటుకు ఆనకుండా ముందుకు వంగి కూర్చోవడం దానికి తోడైతే మనిషి చాలా దూరం ఖాళీగా ముందుకు పోయి, అప్పుడు పట్టీకి గట్టిగా కొట్టుకుంటాడు. ఢీ మొత్తం సెకనులో పదో వంతుకు అటూ ఇటూగా ముగిసిపోతుంది కాబట్టి ఆ వదులు వల్ల పోయే సమయం చిన్నదేమీ కాదు.

దీనికి విరుగుడు ప్రీటెన్షనర్. సెన్సర్లు ఢీని పసిగట్టిన వెంటనే రిట్రాక్టర్‌కు అమర్చిన సన్న గొట్టంలో కొద్దిపాటి మందు పేలుతుంది. ఆ వాయువు ఒత్తిడికి ఇరుసు వెనక్కి తిరిగి, మనిషి ఇంకా సీటులోంచి కదలకముందే వదులునంతా లాగేస్తుంది. మెర్సిడెస్ బెంజ్ 1981లోనే దీన్ని ఎయిర్‌బ్యాగ్‌తో జతచేసి తన ఎస్ క్లాస్ కారులో పెట్టింది. లాగి పట్టడం ఎంత ముఖ్యమో సరైన సమయానికి కాస్త వదలడం కూడా అంతే ముఖ్యం. లేకపోతే ప్రాణం కాపాడాల్సిన పట్టీయే పక్కటెముకలు విరుస్తుంది, వయసు మళ్లినవారిలో మరీనూ. అందుకోసం ఇరుసు మధ్యలో ఒక లోహపు కడ్డీ ఉంటుంది. బలం నిర్ణీత హద్దు దాటితే, మామూలుగా 400 నుంచి 600 కిలోల బరువంత అయితే, ఆ కడ్డీ మెలితిరుగుతూ పట్టీని కొద్దికొద్దిగా వదులుతుంది. దీన్నే లోడ్ లిమిటర్ అంటారు. ముందు లాగి, తర్వాత కొలిచి వదిలే ఈ జంట ఉన్న బెల్టు వేరు, తాళం మాత్రమే పడే బెల్టు వేరు.

మరి ఈ జంట ముందు సీట్లకు ఎలా వచ్చింది, వెనక్కి ఎందుకు పోలేదు? జవాబు ప్రయోగశాలలోనే దొరుకుతుంది. మన దేశంలో కార్లకు ముందు వైపు ఢీ పరీక్ష 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబరు నుంచి అన్నింటికీ తప్పనిసరి అయింది. గంటకు 56 కిలోమీటర్ల వేగంతో జరిపే ఆ పరీక్షలో పెద్దవాళ్ల బొమ్మలు కూర్చునేది ముందు సీట్లలోనే. 2023లో మొదలైన కార్ల భద్రతా రేటింగ్ కార్యక్రమం భారత్ ఎన్‌క్యాప్ వేగాన్ని 64 కిలోమీటర్లకు పెంచింది, నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులోనూ వెనక సీటులో పిల్లల సీట్లకు కట్టిన చిన్నారుల బొమ్మలే ఉంటాయి తప్ప పెద్దవాళ్ల బొమ్మ లేదు. ఛాతీ మీద ఎంత ఒత్తిడి పడిందో కొలిచేది ఎక్కడో, తయారీదారు డబ్బు ఖర్చుపెట్టేదీ అక్కడే. వెనక కూర్చున్న తాతయ్య పక్కటెముకలను ఎవరూ కొలవడం లేదు.

అమెరికాలో హైవే భద్రత మీద పనిచేసే బీమా కంపెనీల సంస్థ ఐఐహెచ్‌ఎస్ ఈ సంగతిని సూటిగా బయటపెట్టింది. 2007 తర్వాతి కార్లలో, బెల్టు పెట్టుకున్నవారినే పోల్చి చూస్తే, వెనక సీటులో ప్రాణాంతక గాయాల ముప్పు ముందు సీటులో కంటే 46 శాతం ఎక్కువని తేల్చింది. వెనక సీటు అధ్వానమైపోయి అలా జరగలేదు. ముందు సీటుకు మంచి బెల్టులు, ఎయిర్‌బ్యాగులు వచ్చి, వెనక సీటు ఉన్నచోటే ఉండిపోవడం వల్ల జరిగింది. దాంతో 2022 డిసెంబరు నుంచి ఆ సంస్థ తన పరీక్షలో వెనక కూడా ఒక బొమ్మను కూర్చోబెడుతోంది, చిన్నపాటి మహిళ లేదా పన్నెండేళ్ల పిల్ల పరిమాణంలో. యూరో ఎన్‌క్యాప్ ఈ పని అంతకుముందే చేసింది. ఈ లెక్కను ఎవరూ తప్పుగా అర్థం చేసుకోకూడదు: వెనక కూర్చుని బెల్టు పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం కంటే ఎన్నో రెట్లు మేలు. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇప్పటికీ వెనక సీటే సురక్షితం.

పెట్టుకోకపోతే ఏమవుతుందో మనకు చెప్పనక్కర్లేదు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నటుడు నందమూరి హరికృష్ణ కారు పల్టీ కొట్టినప్పుడు ఆయన బెల్టు పెట్టుకోలేదని, బయటికి విసిరిపడ్డారని పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద జరిగిన కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ, ఆయన పక్కన కూర్చున్న జహంగీర్ పండోల్ చనిపోయారు. ఇద్దరూ వెనక సీటులో ఉన్నారు, బెల్టులు పెట్టుకోలేదు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. బెల్టు లేని వెనక మనిషి తానొక్కడే చనిపోడు. తన బరువుకు ఎన్నో రెట్ల బలంతో వెళ్లి ముందు సీటు వీపుకు కొట్టుకుని, అక్కడ బెల్టు పెట్టుకున్నవారిని కూడా నలిపేస్తాడు.

మిస్త్రీ మరణం తర్వాత ప్రభుత్వం కదిలిందనడంలో అబద్ధం లేదు. వెనక సీటు బెల్టుకూ 1,000 రూపాయల జరిమానా వర్తిస్తుందని గుర్తుచేశారు. బెల్టు పెట్టుకోకుండానే హెచ్చరిక మోతను ఆపే ఉత్తుత్తి క్లిప్పుల మీద వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విరుచుకుపడింది. 2023 మేలో ఐదు ఆన్‌లైన్ అంగళ్ల నుంచి అలాంటి 13,118 అమ్మకపు ప్రకటనలను తీసేయించింది. 2025 ఏప్రిల్ నుంచి కొత్త కార్లలో వెనక సీటుకూ హెచ్చరిక మోత ఉండాలని కేంద్రం నిర్దేశించింది. ఇవన్నీ మంచి అడుగులే. అయితే ఈ అడుగులన్నీ మనిషి చేత బెల్టు పెట్టించడం కోసమే. పెట్టుకున్న బెల్టు ఏ పాటిదో ఎవరూ అడగలేదు. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేయాలా వద్దా అని రెండేళ్లు వాదించుకున్నాం. బెల్టు పట్టి ఉంచిన మనిషికి తోడు నిలవడమే ఎయిర్‌బ్యాగ్ పని. ఆ వాదనలో పదో వంతు వెనక రిట్రాక్టర్ల మీద జరిగి ఉంటే ఈపాటికి చాలా కార్లు మారేవి.

అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. భారత్ ఎన్‌క్యాప్ వెనక సీటులో ఒక పెద్ద మనిషి బొమ్మను కూర్చోబెట్టి, దాని ఛాతీ, తల, మెడ మీద పడే బలాలను నక్షత్రాల లెక్కలో కలపాలి. ప్రీటెన్షనర్ పెట్టాలని చట్టంలో రాయకపోయినా, నక్షత్రం పోతుందంటే కంపెనీలే పెడతాయి. ముందు సీట్ల విషయంలో జరిగింది అదే.

పాత కార్ల సంగతి ఇంకా దారుణం. ఒకసారి పేలిన ప్రీటెన్షనర్ మళ్లీ పనిచేయదు. ఒకసారి మెలితిరిగిన కడ్డీ మళ్లీ నిటారు కాదు. పెద్ద ఢీ తర్వాత రిట్రాక్టర్‌తో సహా బెల్టు మొత్తం మార్చాల్సిందే. బయటి నుంచి చూస్తే మాత్రం పట్టీ మామూలుగానే వస్తుంది, పోతుంది, లాగితే తాళం కూడా పడొచ్చు. బంపరు, బానెట్ కొత్తవి వేసి, రంగు కొట్టి అమ్మకానికి పెట్టిన కారులో బెల్టు మార్చారో లేదో కొనేవాడికి సులువుగా తెలిసే దారి లేదు. ప్రమాదంలో బీమా పరిహారం పొందిన బండికి బెల్టులు మార్చిన బిల్లు కూడా రికార్డులో ఉండాలని, యాజమాన్యం బదిలీ అయ్యేటప్పుడు అది కొనేవారికి అందాలని నిబంధన పెట్టడం రవాణా శాఖకు అసాధ్యం కాదు. దెబ్బ తగలని కారులోనైనా, ఏళ్ల తరబడి చెమట, దుమ్ము పట్టిన పట్టీ నెమ్మదిగా లోపలికి పోతుంది, వదులుగా ఉండిపోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే లోపలికి వదిలితే చాలు. రిట్రాక్టర్‌లో నూనె పోయకూడదు.

అన్నింటికంటే ముందు చూడాల్సినవి అద్దె కార్లు. విమానాశ్రయానికి, ఆసుపత్రికి, తిరుపతికి, పెళ్లిళ్లకు మన కుటుంబాలు వెనక సీటులో కూర్చుని వెళ్లేది వీటిలోనే. చాలా వాటిలో వెనక బెల్టు కొక్కేలు సీటు కవరు కింద కుట్టుకుపోయి ఉంటాయి. కావాలని అడిగితే డ్రైవరు సీటు సందులో చెయ్యి పెట్టి వెతకాలి. క్రమం తప్పకుండా ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చే ఈ బండ్ల వెనక తలుపు తెరిచి, మూడు బెల్టులూ పెట్టి చూసి, రిట్రాక్టర్ ఉన్న ప్రతి పట్టీనీ ఒక్కసారి ఝటాలున లాగి తాళం పడుతోందో లేదో చూడ్డానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. తాళం పడని బండికి, కొక్కెం కనపడని బండికి ధ్రువపత్రం ఇవ్వకుండా ఆపే అధికారం రవాణా అధికారులకు ఇప్పటికే ఉంది.