గడప దాటిన పరిశీలనతోనే వృద్ధులకు రక్షణ
ఇంటింటి సందర్శనలపై క్షేత్ర సిబ్బందికి శిక్షణ అవసరం

దేవరకొండ: నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని తండాలు, గ్రామాల నుండి పనిచేయగల వయసు వారు ఉపాధి నిమిత్తం హైదరాబాదుకు వలస వెళ్లడం ఏళ్ల తరబడి సాగుతున్నది. ఇంటి వద్ద మిగిలిపోయే వృద్ధులు, దివ్యాంగుల గడప తొక్కేది ప్రధానంగా ఆశా కార్యకర్తలే. ఆ కొద్ది నిమిషాలలో వారు ఏమి చూస్తారు, ఎవరిని అడుగుతారు అన్నదానిపైనే బాధితులకు సహాయం అందడం ఆధారపడి ఉన్నది.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. సబ్ డివిజనల్ అధికారి హోదాకు తగ్గని అధికారి అధ్యక్షతన ట్రిబ్యునల్, జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి స్థాయి పోషణాధికారి ఈ చట్టంలోని ఏర్పాట్లు. వృద్ధులు స్వయంగా దరఖాస్తు చేయలేకపోతే వారి అనుమతితో ఇతరులు చేయవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగానూ విచారణ చేపట్టవచ్చు. సంరక్షణ షరతుపై రాసిచ్చిన ఆస్తి బదిలీని, ఆ షరతు నెరవేరనప్పుడు రద్దు చేసే అవకాశం 23వ సెక్షన్ కల్పిస్తున్నది. అయితే గ్రామంలోని పరిస్థితి ట్రిబ్యునల్ దృష్టికి రానిదే ఈ అధికారాలు కాగితానికే పరిమితమవుతాయి.

పోలీసు, న్యాయ విభాగాలు సహా ప్రభుత్వ అధికారులకు ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇవ్వాలని 21వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. అందరికంటే ముందు ఇంటికి చేరే ఆశా కార్యకర్త మాత్రం అధికారుల కోవలోకి రారు. ఈ లోటును పూడ్చవలసి ఉన్నది.

ఆశా కార్యకర్తలు నింపే పత్రంలో అరవై ఏళ్లు దాటినవారి కోసం కొన్ని ప్రశ్నలున్నాయి. నడకలో తూలు వస్తున్నదా, తినడానికి, స్నానానికి, దుస్తులు ధరించడానికి ఇతరుల సాయం కావాలా, అయినవారి పేర్లు మరచిపోతున్నారా అన్నవి అందులోనివే. ఇవి శారీరక, మానసిక స్థితిని తెలుపుతాయి. నిర్లక్ష్యాన్ని, బెదిరింపును, పింఛను సొమ్ము చేజారడాన్ని మాత్రం తెలుపవు. కొడుకు, కోడలు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏ తల్లీ నోరు విప్పదు.

కావున శిక్షణలో నాలుగు అంశాలు తప్పనిసరి. మొదటిది, వృద్ధులతో కొంతసేపు ఏకాంతంగా, తండాలలో లంబాడీ భాషలోనే మాట్లాడడం. రెండవది, పొయ్యి, మంచినీరు, మందులు, పడక, పింఛను పుస్తకం ఎవరి చేతిలో ఉన్నదీ కళ్లారా చూడడం. మూడవది, ఫ్లోరైడు వల్ల నడుము వంగిన వారిని చూసి జబ్బు ఒక్కటే కారణమని సరిపెట్టుకోకుండా, సంరక్షణ అందుతున్నదీ లేనిదీ విచారించడం. నాలుగవది, వారి అంగీకారం పొంది, చూసినది, విన్నది, తాము అనుకున్నది వేర్వేరుగా నమోదు చేయడం.

పేదరికాన్ని నిర్లక్ష్యంగా పొరబడే ప్రమాదమూ లేకపోలేదు. కూలికి వెళ్లిన కుమార్తె మధ్యాహ్నం ఇంట లేకపోవడం నేరం కాదు. అటువంటి కుటుంబానికి కావలసినది నోటీసు కాదు, పింఛను, వైద్యం వంటి తోడ్పాటు. ఈ తేడాను గుర్తించగల నేర్పే శిక్షణకు గీటురాయి.

వృద్ధుల జాతీయ సహాయ కేంద్రం 14567 నంబరుతో పనిచేస్తున్నది. ఫోను చేయలేని వారి పక్షాన ఆ గడపలో అడుగుపెట్టిన కార్యకర్తే గొంతు కావాలి. ఆమె నివేదిక ఎవరికి చేరాలో, ఎన్నాళ్లలో బదులు రావాలో ముందుగానే నిర్ణయించినప్పుడే ఈ శిక్షణకు సార్థకత.