ముందు గది పాతదే ఉంచుదాం, వంటిల్లు మార్చుకోనివ్వండి

సికింద్రాబాద్ పాత కట్టడాల గురించి పేపర్లో ఏం రాసినా ఫోటో మాత్రం క్లాక్ టవర్‌దే వేస్తారు. పాపం, దాన్ని అనడానికేమీ లేదు. 120 అడుగుల ఎత్తున 1897 నుంచీ గంటలు చూపిస్తూ నిలబడి ఉంది. "క్లాక్ టవర్ దగ్గర దిగి నాకు ఫోన్ చెయ్యి" అని మనం ఎంతమందికి చెప్పి ఉంటామో! కానీ అందులో ఎవరూ కాపురం ఉండరు. వాన పడితే దాని కింద బకెట్లు సర్దే పని ఏ ఇల్లాలికీ లేదు. నేను ఇవాళ రాయబోయేది కాపురాలున్న పాత ఇళ్ళ సంగతి.

మా ఊరికి చరిత్ర తక్కువేం కాదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుంది. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. ఎం.జి. రోడ్డు మీద పార్సీల అగ్ని దేవాలయం, బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి రెండూ 1847వే. ఆ బొల్లారం చర్చికి 1983లో ఎలిజబెత్ రాణి వచ్చింది. మహబూబ్ కాలేజీలో 1893లో వివేకానందుడు మాట్లాడాడు, అమెరికా వెళ్ళక ముందు. మా అత్తగారు ఇప్పటికీ ఎం.జి. రోడ్డుని జేమ్స్ స్ట్రీట్ అనీ, ఆర్.పి. రోడ్డుని కింగ్స్‌వే అనీ అంటారు. ఆటో అతను అయోమయంగా చూస్తే నేను మధ్యలో అనువాదం చేస్తాను.

ఇవన్నీ ఎందుకు నిలిచాయో ఆలోచించారా? ప్రతిదాని వెనకా ఒక సంఘమో, ట్రస్టో, ఏటా రంగు వేయించే కమిటీయో ఉంది. అవి ఉన్నా గ్యారంటీ ఏమీ లేదు. మా కళ్ళముందే 2025లో రైల్వే స్టేషన్ పాత ముఖద్వారాన్ని కూల్చేశారు. 1874లో మొదటి రైలు వచ్చిన ఊరు మాది. ఆ ముఖద్వారం చూడగానే ఊరొచ్చేసిందని పిల్లల్ని నిద్ర లేపేవాళ్ళం. కొత్తది పెద్దదిగా, సౌకర్యంగా ఉంటుందట. ఉండనీ, లిఫ్టులూ ఎస్కలేటర్లూ కావాల్సింది మనకే కదా, సూట్‌కేసు ఒక చేత్తో, పిల్లాడిని ఇంకో చేత్తో పట్టుకునేవాళ్ళకి. అయినా ఆ ముఖం ఉంచి వెనక ఏమైనా కట్టుకోవచ్చు కదా అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

ఇక ఇళ్ళు. వెస్ట్ మారేడ్‌పల్లిలో మా అత్తగారిల్లు 1936లో కట్టింది. మామగారి నాన్నగారు నిజాం స్టేట్ రైల్వేలో గుమాస్తా. బెంగుళూరు పెంకుల కప్పు, టేకు దూలాలు, డంగు సున్నం గోడలు, షాబాద్ బండల నేల. వీధి వైపు వరండా, వెనక పెరడు, పెరట్లో బావి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద చాప కూడా లేకుండా పడుకుంటే ఏసీ గుర్తుకు రాదు. అదంతా నిజమే. ఈ ఇంటిని చూడడానికి వచ్చినవాళ్ళు కూడా సరిగ్గా అదే చెప్తారు. ఫోటోలు తీసుకుని, కాఫీ తాగి, "అయ్యో, దీన్ని మాత్రం పడగొట్టకండి ఆంటీ" అని వెళ్ళిపోతారు.

వాళ్ళు చెప్పనివి నేను చెప్తాను. కోతులు తిరిగితే పెంకులు జారతాయి. ఎక్కి సర్దే మనిషి ఇప్పుడు దొరకడు, దొరికినా ఒకరోజు కూలికి మనకి నెల పాల ఖర్చంత అడుగుతాడు. దూలాలకి చెదలు. గోడకి మేకు కొడితే సున్నం పెళ్ళలుగా ఊడి వస్తుంది. స్నానాలగది పెరట్లో ఉంది, రెండు మెట్లు దిగాలి. మా అత్తగారికి 83 ఏళ్ళు. రాత్రి ఆవిడ లేచిన చప్పుడైతే నేను టార్చి పట్టుకుని వెనకాలే వెళ్తాను. ఈ తొంభై ఏళ్ళలో ఇంటిని నిలబెట్టింది కట్టిన తాతగారు ఒక్కరే కాదు. అలికి, తుడిచి, బూజు దులిపి, గుమ్మాలకి పసుపు రాసి, వాన ముందు పెరటి కాలువ తీయించిన మూడు తరాల కోడళ్ళు కూడా. ఏ శిలాఫలకం మీదా వాళ్ళ పేర్లుండవు, అది వేరే సంగతి.

ఇప్పుడు మా మరిది ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇద్దామంటున్నాడు. ఫిఫ్టీ ఫిఫ్టీ, పైన గుడ్‌విల్. అన్నదమ్ములకి చెరో రెండు ఫ్లాట్లు, ఆడపడుచుకి ఒకటి. అతన్ని నేను తప్పు పట్టను. పిల్లల చదువుల అప్పు ఉంది. కాగితం మీద ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి సంతకం ఆవిడదే కావాలి. ఆవిడ పెన్ను పట్టుకోలేదు, కాదనీ అనలేదు.

చట్టం ఏమైనా ఆదుకుంటుందా అంటే, మా ఇల్లు ఏ జాబితాలోనూ లేదు. జాబితాలో ఉన్నవాటి గతి కూడా చూశాం. హైదరాబాద్ వారసత్వ భవనాలకి అండగా 13వ రెగ్యులేషన్ అని ఒకటుండేది. దాన్ని 2015 డిసెంబరులో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్‌ని పడగొట్టి అసెంబ్లీ కడతామంటే హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేయబట్టి అది మిగిలింది. రాజభవనానికే కోర్టు దాకా వెళ్ళాల్సొస్తే గుమాస్తా గారి పెంకుటిల్లు ఎవరికి పట్టింది?

మా ఆడపడుచు కూతురు ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊళ్ళో ఉంటుంది. ఊరు మొత్తం 1987 నుంచీ ప్రపంచ వారసత్వ నగరం. లిస్ట్‌లో చేరిన భవనాలే సుమారు 5,000. అక్కడ ఇలాంటి జాబితాలకి దారి వేసింది 1947 నాటి చట్టం. మొదటి గ్రేడు, రెండో గ్రేడుకి చుక్క, మామూలు రెండో గ్రేడు అని మూడు తరగతులు. దేశం మొత్తం మీద నూటికి తొంభైకి పైగా మామూలు రెండో గ్రేడువే. అంటే రాజభవనాలు కావు, చాలామటుకు మనలాంటి వాళ్ళ ఇళ్ళు. అనుమతి లేకుండా మార్పులు చేస్తే నేరం. దరఖాస్తుకి మాత్రం రుసుము లేదు. మా పిల్ల అద్దెకున్న ఇల్లూ అలాంటిదే. చలికాలం కిటికీ సందుల్లోంచి గాలి కొడుతుంది, డబుల్ అద్దాలు వేయాలంటే ఇంటి యజమాని అనుమతి తెచ్చుకోవాలి. "అత్తా, చరిత్ర చాలా చల్లగా ఉంటుంది" అంది ఫోన్లో.

ఆ ఊళ్ళో రాయల్ క్రెసెంట్ అని అర్ధచంద్రాకారంలో 30 ఇళ్ళ వరస ఉంది. 1767లో మొదలుపెట్టి 1774కి కట్టారు. ముందు నుంచి చూస్తే మొత్తం ఒకే భవనంలా ఉంటుంది. వెనక్కి వెళ్తే ఏ ఇంటికా ఇల్లే, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎవరికి కావలసినట్టు వాళ్ళు కట్టుకున్నారు. 1970లలో అక్కడ ఒకావిడ అందరి తెల్ల తలుపుల మధ్య తన తలుపుకి పసుపు రంగు వేయించింది. మునిసిపాలిటీ నోటీసిచ్చింది. ఆవిడ దిగలేదు. చివరికి ఆ రంగు ఉంచుకోవచ్చనే తీర్పు వచ్చింది. మా పిల్ల పంపిన ఆ తలుపు ఫోటో చూసి మా అత్తగారు, "గడపకి పసుపు రాసుకోడానికి అంత గొడవా!" అన్నారు.

నా అభిప్రాయం చెప్తే అటు వారసత్వ ప్రేమికులకీ, ఇటు బిల్డర్లకీ నచ్చదు. పాత ఇల్లు నిలవాలంటే ముందు అందులో ఉన్న ఆడవాళ్ళ నడుము నిలవాలి. వరండా, పెంకులు, వీధి ముఖం అలాగే ఉంచమనండి, సరే. వంటిల్లూ స్నానాలగదీ మార్చుకోనివ్వాలి, మెట్లు తీసేయనివ్వాలి. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి టీడీఆర్ కాగితం ఇస్తారు కదా, పైకి కట్టకుండా ఆగిన ఇంటికి కూడా అలాంటిది చేతికి అందితే మా మరిది అప్పు తీరుతుంది. అలా అందిన ఇల్లు మా వీధిలో నేనైతే చూడలేదు. మేం వచ్చినప్పుడు ఈ వీధిలో పెంకుటిళ్ళు పదకొండు, ఇప్పుడు రెండు.

పోయిన ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు నేను ఒక్క మాటే అడిగాను. పడగొట్టే ముందు దూలాలు ఎంత బాగున్నాయో ఒక మంచి వడ్రంగితో చూపిద్దాం, లోపలే స్నానాలగది కట్టడానికి ఎంతవుతుందో లెక్క వేయిద్దాం, ఆ లెక్క పక్కన బిల్డర్ లెక్క పెట్టి అత్తగారిని అడుగుదాం అని. మా వారు సరే అన్నారు. ఆడపడుచు బాత్రూం ఖర్చు తను పెట్టుకుంటానంది. తోడికోడలు నా వైపు చూసి ఊరుకుంది, ఆమె ఇబ్బంది ఆమెది. అత్తగారు మాత్రం, "లోపల కడితే కమోడ్ పెట్టించండి, పక్కన పట్టుకోడానికి రాడ్ కూడా" అన్నారు.

వడ్రంగి గురువారం వస్తానన్నాడు. మా మరిది ఇంకా ఫోన్ చెయ్యలేదు.