శిబిరమును, బీరుశాలయును

ఉదయము డాఖౌ నిర్బంధ శిబిరమును జూచివచ్చి, సాయంకాలము మ్యూనిక్ బీరుశాలలో లీటరు మగ్గు నెత్తుట అనౌచిత్యమని కొందరందురు గాని, నాకట్లు తోచదు. 1933 మార్చిలో తెరువబడి, కనీసము 41,500 మందిని బలిగొన్న ఆ శిబిరమునకు దారితీసిన రాజకీయము పెరిగినది బీరుశాలలలోనే గదా! 1920లో హిట్లరు తన పక్షపు 25 సూత్రములను ప్రకటించినది హోఫ్‌బ్రాయ్‌హౌస్ మేడమీద; 1923లో తిరుగుబాటునకు పూనుకొనినది బ్యుర్గర్‌బ్రాయ్‌కెల్లరులో; 1939లో గియోర్గ్ ఎల్జరను వడ్రంగి, అతనిని చంపనెంచి, స్తంభమును తొలిచి బాంబు నమర్చినదియు ఆ కెల్లరులోనే. అది ప్రేలుటకు 13 నిమిషములు ముందే హిట్లరు వెడలిపోయెను; ఎల్జరు 1945 ఏప్రిల్‌లో డాఖౌలో చంపబడెను. హోఫ్‌బ్రాయ్‌హౌస్‌లో పొడవాటి బల్లల కడ అపరిచితుల నడుమ ఒంటరిగా కూర్చుండు యాత్రికుడు, వాద్యబృందము (కొంచెము బిగ్గరయే) ఆగినపుడైనను, ఆ మేడమీది సభను తలచుకొనగలడు. మద్యనిషేధ భక్తులు నన్ను క్షమింతురుగాక.